పాపం లెక్క, పుణ్యం లెక్క



మన కోలారు జిల్లాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషల్లోనూ 'పాపం' అనే మాట ఉంది. చేయరాని పని చేస్తే పాపం అంటాం. కష్టంలో ఉన్నవాణ్ణి చూసినా "అయ్యో పాపం" అనే అంటాం. తప్పుకు భయపడడానికీ, పరుల బాధకు కరగడానికీ మనకు ఒకే మాట చాలింది.

మరి ఈనాడు పాపపుణ్యాలను మనం ఎలా చూస్తున్నాం? భక్తి తగ్గిందనడానికి వీల్లేదు. తిరుమల కొండకు కాలినడకన వెళ్ళేవారు వెళుతూనే ఉన్నారు. 2020లో తుంగభద్ర పుష్కరాలు కరోనా రోజుల్లో వచ్చినా భక్తులు వెళ్ళారు. అయితే పాపపుణ్యాలు చాలామందికి బ్యాంకు ఖాతా అయిపోయాయి. ఒకచోట తీసింది మరోచోట జమచేస్తే సరి అనుకుంటాం. శనివారం మాంసం ముట్టని మనిషే డెయిరీకి పోసే పాలల్లో నీళ్ళు కలుపుతాడు.

పెద్దలు సప్తసంతానాలని చెప్పారు. కన్నబిడ్డతోపాటు చెరువు, తోట, గుడి కూడా వాటిలో ఉన్నాయి. ఏడాది పొడవునా పారే నది లేని మన జిల్లాకు చెరువే నది. అలాంటి చెరువులు ఎండిపోయి, 2018 నుంచి బెంగళూరులో వాడి శుద్ధిచేసిన నీటితో కె.సి. వ్యాలీ పథకం ద్వారా నింపుకుంటున్నాం. వానలు తక్కువే, నిజం. కాలువలు పూడ్చింది మాత్రం మనమే.

నా సంగతే చెబుతాను. మా పొలం పక్కన చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ ఉంది. మా నాయన కాలంలో గట్టు ఒక అడుగు కాలువలోకి జరిగింది. నా కాలంలో మరో అడుగు. ఏటా శ్రీరామనవమికి మేము పానకం, కోసంబరి పంచుతాం. ఒకసారి కింది పొలం పెద్దాయన పానకం తాగి, "తియ్యగా ఉంది అయ్యవారూ! కాలువలో నీళ్ళు కూడా వస్తే ఇంకా పుణ్యం" అన్నాడు. నాకు మొదట కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్ర రాలేదు.

మరుసటి వేసవిలో గట్టు వెనక్కి తీయించాను. అది పుణ్యమని చెప్పుకోను. తీసుకున్నది తిరిగి ఇచ్చాను, అంతే. ఎగువన ఇంకా చాలా గట్లు జరగవలసి ఉంది. కాలువ నిండా నీళ్ళు ఇంకా రాలేదు.

పానకం ఇప్పటికీ పంచుతున్నాం. పెద్దాయన వస్తూనే ఉన్నాడు.

శ్రోతలారా! ఈసారి హుండీలో కానుక వేసేముందు, ఎవరి సొమ్మయినా మన దగ్గర ఉండిపోయిందేమో ఒక్కసారి చూసుకుందాం. ముందు అది ఇచ్చేసి, ఆ తర్వాత మొక్కు తీర్చుకుందాం.