వేలిముద్ర శరీరానిది, బుద్ధి ఎవరిది?
(ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లులు చర్చకు వస్తాయి. ఈనాడు నాకు కేటాయించిన కొద్ది సమయంలో వేరే సంగతి మనవి చేస్తాను. బుద్ధికీ శరీరానికీ సంబంధం ఏమిటి? మధ్యయుగంలో మన పండితులు, పరదేశ పండితులు దీనిని గురించి ఏమన్నారు? ఇది పండితుల గొడవ, పెన్షనర్లకెందుకు అని ఎవరైనా అనవచ్చును. అందరికంటె మనకే ఇది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

మనం బ్రతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ‘జీవన్ ప్రమాణ్’ ప్రవేశపెట్టిన తరువాత చాలామందికి ఈ పని వేలిముద్రతో అయిపోతున్నది. ప్రభుత్వం అడిగేది శరీరం ఉన్నదా అని మాత్రమే. అంతకు మించి అడగవలసిన పని ట్రెజరీకి లేదు. ఇంట్లోవారికీ స్నేహితులకూ మాత్రం ఉన్నది.

మన సభ్యులలో ఒకరు నాతోపాటు ఒకే సెక్షనులో చాలా ఏళ్ళు పనిచేశారు. పేరు చెప్పను. ఆయనకు మతిమరుపు వ్యాధి ముదిరింది. కొడుకు పేరు గుర్తు లేదు. అన్నం తిన్నదీ లేనిదీ గుర్తు లేదు. కిందటేడు వేలిముద్ర సరిపోయింది, పెన్షను ఆగలేదు. ఆనాడే బంధువు ఒకాయన ఎదురుగా కూర్చుని, “మనిషి ఉన్నాడు గానీ ఆయన లేడండీ” అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. అయితే నచ్చకపోవడం వేరు, అది సరికాదని చూపడం వేరు. ‘ఆయన’ అంటే ఎవరు? శరీరమా, బుద్ధా, రెండూ కలిసినదా? పూర్వులు తర్కించినది సరిగ్గా ఇదే.

ముందుగా చార్వాకుల మాట. 14వ శతాబ్దంలో విజయనగర కాలాన మాధవాచార్యుల పేర వెలసిన సర్వదర్శన సంగ్రహంలో మొదటి అధ్యాయం వారిదే. ఎదుటివారి వాదం ముందుగా చెప్పి తరువాత ఖండించడం మన శాస్త్ర మర్యాద. చార్వాకులకు శరీరానికి వేరుగా ఆత్మ లేదు. ఆకులో, వక్కలో, సున్నంలో విడివిడిగా లేని ఎరుపు మూడూ కలిపి నమిలితే పుట్టినట్లు, భూతాల కలయికలో తెలివి పుడుతుందన్నారు. తేలికగా తోసిపారేయదగిన మాట కాదు.

దీనికి నైయాయికులు ఇచ్చిన జవాబులు 17వ శతాబ్దపు విశ్వనాథ న్యాయపంచాననుని గ్రంథంలో చక్కగా కనిపిస్తాయి. తెలివి శరీర గుణమైతే శవానికీ ఉండాలి కదా అన్నది ఒకటి. చిన్ననాటి శరీరం ఈనాటి శరీరం కాదు, మరి చిన్నప్పుడు చూసినది ముసలితనంలో ఎవరికి గుర్తుకు వస్తున్నది అన్నది రెండవది. పోనీ ఇంద్రియాలే ఆత్మ అందామా అంటే, కన్ను పోయినవాడికి చూసినవి గుర్తుండకూడదు. చూపు పోయిన పెద్దవారు ఒకప్పటి సరూర్‌నగర్ చెరువు ఎలా ఉండేదో వర్ణించి చెప్పగలరు. చూసిన కన్ను పనిచేయడం లేదు, చూసినవాడు మాత్రం ఉన్నాడు.

న్యాయశాస్త్రంలో మనం గర్వించదగిన పేరు అన్నంభట్టు. ఈయన ఆంధ్రుడని పండితులు చెబుతారు. కాశీ వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు కాలేరని సామెత కూడా పుట్టింది. 17వ శతాబ్దంలో ఆయన వ్రాసిన తర్కసంగ్రహం చాలా చిన్న పుస్తకం, పిల్లలకు సులభంగా తెలియడం కోసం వ్రాసినది. ఈనాటికీ తర్కం మొదలుపెట్టేవారు దానితోనే మొదలుపెడతారు. అందులో ద్రవ్యాలు 9, గుణాలు 24. బుద్ధి ఆ 24 గుణాలలో ఒకటి, అది ఆత్మకు చెందిన గుణం. మనస్సు వేరు. అది అణువంత ద్రవ్యం. ఆత్మ మనస్సుతో, మనస్సు ఇంద్రియంతో, ఇంద్రియం వస్తువుతో కలిస్తేనే మనకు తెలివిడి కలుగుతుంది. టపా ఇన్‌వార్డు నుంచి సెక్షనుకు, సెక్షను నుంచి ఆఫీసరు బల్ల మీదికి వెళ్ళినట్లే. మధ్యలో ఎక్కడ ఆగినా ఆఫీసరుకు సంగతి తెలియదు. తెలియనంత మాత్రాన ఆఫీసరు లేడని ఎవరూ అనరు.

మనస్సు అణువెందుకు? ఒకేసారి రెండు జ్ఞానాలు కలగవు గనుక. చక్కిలం తింటున్నప్పుడు రుచి, వాసన, కరకర శబ్దం అన్నీ ఒక్కసారే తెలుస్తున్నట్లుంటుంది. అది వేగం వలన కలిగే భ్రమ అంటారు వారు. నూరు తామర రేకులను సూదితో గుచ్చితే ఒక్కసారే గుచ్చుకున్నట్లు కనిపిస్తుంది గాని, ఒకదాని తరువాత ఒకటిగానే గుచ్చుకుంటాయి.

ఇక జ్ఞాపకం సంగతి. అనుభవం ఆత్మలో ఒక ముద్ర వేస్తుంది. దాని పేరు సంస్కారం. జ్ఞాపకం దాని నుంచే పుడుతుంది. సంస్కారం ఉన్నా దానిని మేల్కొల్పేది ఒకటి కావాలి, దానిని ఉద్బోధకం అన్నారు. రోగం వలన, దీర్ఘకాలం వలన సంస్కారం నశించవచ్చునని కూడా ఒప్పుకున్నారు. అయితే నశించేది ముద్ర. ముద్రను మోసిన ఆత్మ ఉంటూనే ఉంటుంది.

అద్వైతులు మరో దారిన వచ్చారు. 14వ శతాబ్దపు విద్యారణ్యస్వామి పేర ప్రసిద్ధమైన పంచదశిలో పదవ ప్రకరణం నాటకదీపం. నాటకశాలలో ఒక దీపం వెలుగుతున్నది. అహంకారం యజమాని, విషయాలు సభికులు, బుద్ధి నర్తకి, ఇంద్రియాలు తాళం వేసేవారు. దీపం అందరినీ సమానంగా చూపుతుంది. అందరూ వెళ్ళిపోయినా, ఆ సంగతినీ అదే చూపుతూ వెలుగుతుంది. ఆ దీపం సాక్షి. లోపల, బయట అన్న విభాగం శరీరాన్ని బట్టి వచ్చినదే గాని సాక్షికి లేదంటారు స్వామి. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. మనం ఎంతో గొప్పగా చెప్పుకునే బుద్ధి ఈ లెక్కలో నర్తకి మాత్రమే. నర్తకి అలసి కూర్చుంటే దీపం ఆరినట్లు కాదు.

ఇదే ప్రశ్న అరబ్బు దేశాలలో, యూరపులో కూడా నడిచింది. దానికీ మన ఊరికీ ఒక సంబంధం ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని దాయిరతుల్ మారిఫ్ 1888లో ఏర్పడిన సంస్థ. పాత అరబ్బీ చేతివ్రాత గ్రంథాలను సంపాదించి, పరిష్కరించి అచ్చువేయడం దాని పని. 1947లో ఆ సంస్థ ఇబ్న్ రుష్ద్ గ్రంథాల సంపుటం ఒకటి అచ్చువేసింది. అందులో ఆత్మను గురించిన చిన్న గ్రంథం కూడా ఉన్నది. ఇబ్న్ రుష్ద్ (1126–1198) స్పెయిను దేశపు కార్డోబా వాడు, న్యాయాధిపతి, వైద్యుడు, అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యాత. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సిటీ బస్సులో వెళ్ళిరాగల చోట ఆయన పుస్తకం అచ్చయిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

తరువాత వ్రాసిన పెద్ద వ్యాఖ్యానంలో ఇబ్న్ రుష్ద్ ఒక విచిత్రమైన సిద్ధాంతం చేశాడు. ఊహ, జ్ఞాపకం శరీరానివి, ఎవరివి వారివే, శరీరంతో పోతాయి. విషయాలను గ్రహించే బుద్ధి మాత్రం మానవులందరికీ కలిపి ఒక్కటే! లేకపోతే గురువుకు తెలిసిన సత్యమే శిష్యుడికి ఎలా తెలుస్తుంది? దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో వందమంది ఒకే లెక్క నేర్చుకుంటారు. లెక్క వందగా చీలిపోదు కదా.

దీనిని ఖండిస్తూ 1270లో థామస్ అక్వైనస్ (1225–1274) అనే క్రైస్తవ సన్యాసి ఒక గ్రంథమే వ్రాశాడు. ఆయన ఆక్షేపణ సూటిగా ఉంటుంది. ఆలోచిస్తున్నది ఈ మనిషి. గోడ రంగు నా కంటిలో పడినంత మాత్రాన గోడ చూస్తున్నట్లు కాదు, గోడను నేను చూస్తున్నాను. అలాగే నా ఊహలు ఎక్కడో ఉన్న ఉమ్మడి బుద్ధిలో పడితే ఆలోచించేది ఆ బుద్ధి అవుతుంది గాని నేను కాను. మన మాటల్లో చెప్పాలంటే, పరీక్ష హాలులో ఎవరి జవాబు పత్రం వారిదే. అక్వైనస్ మరొక అడుగు వేసి, ఆత్మ ఒక్కటే మనిషి కాదు, శరీరంతో కూడినదే మనిషి అన్నాడు. మెదడు దెబ్బతింటే పూర్వం తెలిసిన విషయాన్ని కూడా బుద్ధి ఆలోచించలేదని గమనించాడు. బుద్ధి పోయినందువలన కాదు, బుద్ధికి అందించవలసిన ఊహాచిత్రాలు అందనందువలన.

వీరందరికీ మూలమైన అరిస్టాటిల్ మాట ఒకటి మన వయసువారికి ప్రత్యేకంగా నచ్చుతుంది. ముసలివాడికి పడుచువాడి కన్ను అమరిస్తే పడుచువాడిలాగే చూస్తాడట. ముసలితనం పరికరానిదేనని భావం. శుక్లాల ఆపరేషను చేయించుకుని లెన్సు వేయించుకున్నవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఈనాటి వైద్యం కొంత దూరం వెళ్ళింది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ ఒక రోగి మెదడులోని మార్పులను వెల్లడించాడు. ఈ జబ్బు సాధారణంగా ముందుగా కొత్త జ్ఞాపకాలను దెబ్బతీస్తుందని, చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయని వైద్యులు చెబుతున్నారు. నా మిత్రునికి వదినగారు తెల్ల కాగితం ఇస్తే నిలువునా మడిచి మార్జిన్ తీస్తారు. నోటు ఫైలు వ్రాసేవాళ్ళం అలాగే తీసేవాళ్ళం. కొడుకు పేరు తెలియని మనిషికి మార్జిన్ కొలత తెలుసు.

ఇప్పుడు ఆ బంధువు మాటకు వద్దాము. మనిషి శరీరమే అంటే, చార్వాకుల లెక్కన ఆయన మన ఎదుటే ఉన్నారు. ఆత్మ అంటే, అన్నంభట్టు లెక్కన ఉన్నారు. సాక్షి అంటే, నాటకదీపం లెక్కన ఉన్నారు. రెండూ కలిసినదంటే, అక్వైనస్ లెక్కన ప్రాణమున్నంత వరకు ఉన్నారు. ఇబ్న్ రుష్ద్ చెప్పిన ఉమ్మడి బుద్ధి అయితే ఎవరికి జబ్బు చేసినా తరగదు. ఇన్ని విధాల పోట్లాడుకున్నవారిలో ఒక్కరు కూడా జ్ఞాపకమే మనిషి అనలేదు. వ్యక్తిని గత జ్ఞాపకాల ఎరుకతో ముడిపెట్టినది తరువాతి కాలపు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్, అదీ 1694లో. “ఆయన లేడు” అనేవారు తమకు తెలియకుండానే లాక్ పక్షాన మాట్లాడుతున్నారు. నేను మాత్రం పాతవారి పక్షం.

ఇంటి మనుషుల కష్టం నేను తక్కువ చేయడం లేదు. రాత్రింబవళ్ళు కాపలా కాయడం ఎంత భారమో వదినగారిని చూస్తే తెలుస్తుంది. అందుకే సంఘానికి నాలుగు మనవులు చేస్తున్నాను. మతిమరుపు వచ్చిన సభ్యుల పేర్లు ఆహ్వానాల జాబితా నుంచి తీసివేయవద్దు. లైఫ్ సర్టిఫికెట్ వేళకు మనలో ఓపిక ఉన్నవారు వారి ఇళ్ళకు వెళ్ళి సాయపడాలి. వారి ఎదుట వారిని గురించి లేనివారన్నట్లు మాట్లాడవద్దు. నెలకొకసారైనా ఒక గంట కూర్చుంటే ఇంటి ఇల్లాలికి ఆ గంటసేపు విశ్రాంతి దొరుకుతుంది. మన పలకరింపు ఏ సంస్కారానికి ఉద్బోధకం అవుతుందో ముందుగా చెప్పలేము. ఏదీ మేలుకోకపోయినా, పలకరించినది మనిషినే.