రెండు బర్రెలుంటే నెలకో సిలిండర్ వస్తుందా? గోబర్ గ్యాస్ అసలు లెక్క

గోపన్‌పల్లి అనగానే ఇప్పుడు టవర్లు, ఐటీ ఆఫీసులకు పోయే ట్రాఫిక్కే గుర్తొస్తాయి. ఇలాంటి శివారు ఊళ్లలో ఎవరికైనా ఇంకా బర్రెల కొట్టం ఉందంటే, పెండ ఎక్కడ వేయాలన్నదే పెద్ద తలనొప్పి. పొలాలు పోయాయి, ఎరువుగా చల్లే జాగా లేదు. నాలాలో వేస్తే వాసన, దోమలు. మరి ఆ పెండతోనే పొయ్యి వెలిగిస్తే?

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెండలో అంతే నీళ్లు కలిపి, గాలి చొరబడని డోమ్‌లోకి వదులుతారు. ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి గ్యాస్ తయారుచేస్తాయి. అందులో సగానికి పైగా మీథేన్. మండేది అదే.

ఇప్పుడు లెక్క. రోజుకు 25 కిలోల పెండ వేస్తే దాదాపు 1 ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. అది సుమారు 0.45 కిలోల ఎల్పీజీకి సమానం. అంటే నెలకు 13 కిలోల పైనే. మన ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. బాగా మేపిన రెండు బర్రెలు చాలు! చలికాలంలో మాత్రం గ్యాస్ తగ్గుతుంది.

మరి ఊళ్లలో కట్టిన ప్లాంట్లు చాలా ఎందుకు మూలనపడ్డాయి? దానికి రోజూ మేత పెట్టాలి. పశువులు అమ్మేస్తే డోమ్ ఖాళీ. కాబట్టి సబ్సిడీ ఉందని కట్టకండి, పెండ ఉందా అని చూసి కట్టండి.

బర్రెలు లేని వాళ్లకూ దారుంది. మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు దాదాపు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీసేలా ప్లాంట్ పెట్టారు. టెక్నాలజీ ఇచ్చింది హైదరాబాద్‌లోని ఐఐసీటీ. 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీని గురించి చెప్పారు. వంటింటి చెత్త విడిగా వేసే అపార్ట్‌మెంట్లూ ఈ పద్ధతి ఆలోచించొచ్చు.

ఒక్క హెచ్చరిక. రిపేరు కోసం అని డోమ్‌లోకి ఎవరూ దిగొద్దు. లోపల ఊపిరాడదు, విషవాయువు కూడా ఉంటుంది. ప్రాణం పోతుంది. తెలిసిన మెకానిక్‌నే పిలవండి.

గ్యాస్ పోయాక మిగిలే స్లర్రీని పారేయకండి, మంచి ఎరువు. టెర్రస్ గార్డెన్ ఉన్నవాళ్లు అడిగి మరీ తీసుకెళ్తారు.