దిగులు - దేహములోని క్రొవ్వు

"పాపము, దిగులుతో చిక్కి సగమైనాడు" అను మాట మనము తరచు వినుచుందుము. చింత మనిషిని చిక్కించునని మన నమ్మకము. లావుగా నున్నవానిని చూచినప్పుడు "వానికేమి, చీకుచింతలు లేవు" అందుము. ఈ మాటలలో సగమే నిజము. తక్కిన సగమును గూర్చి శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి. ఏలయన, దానిని ఎరుగకపోవుటవలన మన యిండ్లలో కొందరు అనవసరముగా నిందకు గురియగుచున్నారు.

లండను నగరమందలి ప్రభుత్వోద్యోగులను, పదివేలమందికి పైగా, 1985 నుండి వైద్యశాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశీలించుచు వచ్చిరి. పని అధికమై, ఆ పనిమీద తమకు అధికారము లేని పురుషులలో ఒక విచిత్రము కనబడినది. మొదట సన్నగా నున్నవారు మరింత చిక్కుటయు, లావుగా నున్నవారు మరింత లావెక్కుటయు హెచ్చుగా జరిగినది. దిగులొకటే, దేహములు రెండు విధములుగా బదులు చెప్పినవి. పని ఒత్తిడికి మాటిమాటికి లోనైన ఉద్యోగులలో నడుము పెరుగుట, రక్తపుపోటు, రక్తములో చక్కెర హెచ్చుట మున్నగు లక్షణములు కలసివచ్చు అవకాశము ఇతరులకంటె రెండు రెట్లకు పైగా నున్నదని 2006లో ప్రకటించిరి.

దీనికి కారణమేమి? వీధిలో ఎద్దు కుమ్మ వచ్చిన దనుకొందము. గుండె దడదడలాడును, ఆకలి మాయమగును. మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న ఎడ్రినల్ గ్రంథులు మొదట ఎడ్రినలిన్‌ను, పిమ్మట కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి వదలును. పరుగిడుటకు వలయు చక్కెర రక్తములో హెచ్చును. మనము పరుగిడుదుము, ఆ చక్కెర ఖర్చగును, అంతటితో సరి. కాని అప్పులవాని నోటీసు, కోర్టు వ్యాజ్యము, పై అధికారి కోపము - ఇవి వచ్చి పోవు ఎద్దులు కావు; నెలల తరబడి గుమ్మము ముందే నిలుచును. శరీరము మాత్రము అదే ఏర్పాటు చేయుచుండును. కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ చక్కెరతో పనిలేదు. దానిని సర్దుటకు ఇన్సులిన్ హెచ్చుగా స్రవించును. ఇన్సులినో, క్రొవ్వును నిలువచేయు హార్మోను. ఎడ్రినలిన్ చంపిన ఆకలిని కార్టిసాల్ మరల లేపును. అదియు పప్పు, కూరలమీదికి కాక, మిఠాయిలు, జంతికలమీదికి మనసును లాగును. కడుపులోని అవయవముల చుట్టునుండు క్రొవ్వుకణములు కార్టిసాల్ మాటను తక్కిన కణములకంటె హెచ్చుగా వినును. అందువలననే పొట్ట ముందుగా పెరుగును.

అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ 1932లో వర్ణించిన వ్యాధిలో ఈ సంగతి స్ఫుటముగా కనబడును. మొగము గుండ్రనై, పొట్ట పెరిగి, కాలుసేతులు సన్నగిల్లును. కార్టిసాల్ మితిమీరుటయే దానికి మూలము. స్టెరాయిడ్ మాత్రలు దీర్ఘకాలము వాడువారిలోను ఇట్టి మార్పు కలుగవచ్చును. అంతమాత్రమున వైద్యుని అడుగక వానిని మానరాదు, అది ప్రమాదము. సామాన్యమైన దిగులులో కార్టిసాల్ అంతగా పెరుగదు. కార్టిసాల్‌ను తగ్గించి పొట్టను కరిగించునని అంగళ్లలో అమ్ము పొడులకు డబ్బు పోయుట మాకు సమ్మతము కాదు.

దిగులు చేయు గొప్ప అపకారము నిద్రను చెరచుటయే అని మా అభిప్రాయము. చికాగోలో జరిగిన ఒక పరీక్ష 2010లో ప్రకటితమైనది. అధికమైన బరువు గల 10 మందికి ఒకే విధముగా తగ్గించిన ఆహారమును రెండు విడతలుగా, విడతకు 14 దినములు పెట్టిరి. ఒక విడతలో రాత్రికి 8.5 గంటలు, మరియొక విడతలో 5.5 గంటలు పండుకొననిచ్చిరి. రెండింటను తగ్గిన బరువు సుమారు 3 కిలోలే. కాని నిద్రకు చాలినంత వ్యవధి యున్నప్పుడు అందులో క్రొవ్వు 1.4 కిలోలు, లేనప్పుడు 0.6 కిలో మాత్రమే. తక్కినది కండ మొదలగువాని నుండి పోయినది. ఆకలియు హెచ్చినది. చిన్న పరీక్షయే అయినను, తక్కెడ చెప్పని భేదమును ఇది చెప్పినది.

ఇక మన యింటి సంగతి. అందరికంటె వెనుక పండుకొని, అందరికంటె ముందు లేచు గృహిణి ఏ యింట లేదు? పిల్లల పరీక్షలు, అత్తమామల మందులు, నెలాఖరు ఖర్చులు ఆమె తలలోనే తిరుగుచుండును. శనివారము ఒంటిపూట యుండును, రాత్రి అన్నము మానును. ఐనను బరువు తగ్గదు. "దొంగచాటుగా తినుచున్నావేమో" అని యింటివారు పరిహసింతురు. ఆ పరిహాసము ఉన్న దిగులునకు మరికొంత తోడగును. తిండి తగ్గింపనక్కరలేదని మేము చెప్పుట లేదు. దిగులు గాలినుండి క్రొవ్వును పుట్టింపదు. ఆమెకు పట్టుదల లేదనుట మాత్రము అన్యాయము. ఉదయపు పనిలో కొంత భర్తయో, ఎదిగిన కొడుకో అందుకొని ఆమెకు మరియొక గంట నిద్ర మిగిల్చినచో, ఆమె పాటించు పథ్యమునకు బలము చేకూరును.

భారతీయులలో కాలుసేతులు సన్నగా నుండియు పొట్టలో క్రొవ్వు గలవారు హెచ్చు. కావున మనకు తక్కెడకంటె దర్జీ టేపు నమ్మదగినది. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని మన వైద్యులు చెప్పుదురు. ప్రక్కటెముకల అడుగంచునకును, తుంటి ఎముక పై అంచునకును నడుమ, ఊపిరి విడిచిన పిమ్మట, టేపు బిగింపక కొలువవలెను. దినమునకు అరగంట వడిగా నడచినచో, పనిలేక తిరుగుచున్న చక్కెర కొంత ఖర్చగును, రాత్రి నిద్రయు పట్టును. కొన్ని మాసముల పిమ్మట తక్కెడ ముల్లు కదలకున్నను, టేపు కొంత తగ్గి చూపవచ్చును.