మండువా లోగిలి, యాభై నాలుగు బొడిపెల వెడల్పు

ఈ వారం ఆటవస్తువుల మీద మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు "పిల్లల కోసమా, పెద్దల కోసమా?" అని అడిగారు. ఇద్దరికీనండీ అన్నాను. విషయం లెగో ఇటుకలు. గల్ఫ్‌లో పిల్లలున్న తెలుగువారింట్లో సోఫా కింద చెయ్యి పెడితే ఒక పెన్ను మూత, ఒక దిర్హము, నాలుగు లెగో ముక్కలు తప్పకుండా చేతికి తగులుతాయి. రాత్రిపూట మంచినీళ్ళకని లేచి చీకట్లో వాటి మీద కాలు వేసినవారికి నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు.

నేను ఐటీ కన్సల్టెంటుని. ఉండేది షార్జాలో, ఉద్యోగం దుబాయిలో. రోజూ ఆ ట్రాఫిక్‌లో కూర్చునే భాగ్యం మీలో చాలామందికి ఉన్నదే కాబట్టి దాని గురించి చెప్పను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో లెగో లేదు. ఇనప పట్టీలు, నట్లు, బోల్టులతో ఉండే మెకానిక్స్ పెట్టె ఒకటి పట్నం నుంచి ఎవరో తెస్తే, అది వీధి వీధంతా తిరిగేది. పెద్దయ్యాక కూడా లెగోతో ఆడేవాళ్ళు తమలో తాము ఒక మాట వాడుకుంటారు, 'చీకటి యుగం' అని. చిన్నప్పుడు ఆడి, టీనేజిలో వదిలేసి, మళ్ళీ ముప్పయ్యో ఏట మొదలుపెట్టేదాకా మధ్యలో గడిచిన కాలమన్నమాట. ఆ లెక్కన మనలో చాలామందికి పుట్టిన దగ్గర్నుంచీ చీకటి యుగమే.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. డెన్మార్కులో బిల్లుండ్ అనే ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 1934లో డేనిష్ భాషలో 'బాగా ఆడు' అనే అర్థమొచ్చే రెండు మాటల్ని కలిపి లెగో అని పేరు పెట్టుకున్నాడు. మన ఏటికొప్పాకవాళ్ళు అంకుడు కర్రతోనూ, కొండపల్లివాళ్ళు తెల్లపొణికి కర్రతోనూ చేసినట్టే ఆయనా కర్రతోనే మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. ఆ ఆలోచన కూడా పూర్తిగా సొంతం కాదు, ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అంతకుముందే అలాంటివి చేశాడు. అసలు సంగతి 1958 జనవరి 28న జరిగింది. ఇటుక లోపల బోలు గొట్టాలు పెట్టి, పైబొడిపెలు వాటి మధ్య బిగుసుకునే ఏర్పాటుకి ఆ రోజు పేటెంటు దరఖాస్తు పెట్టారు. దానివల్ల గట్టిగా పట్టుకుంటుంది, చిన్నపిల్ల లాగితే ఊడి వస్తుంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి ఇప్పటికీ అతుకుతుంది. మూడేళ్ళ కిందటి సాఫ్ట్‌వేరు కొత్త వెర్షనులో తెరుచుకోక తలలు పట్టుకునే మా వృత్తివాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో ఊహించుకోండి.

ఇంకో లెక్క చెబుతాను, మీ పిల్లల్ని అడిగి చూడండి. వరసకి నాలుగు చొప్పున రెండు వరసల బొడిపెలున్న ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకుంటే ఎన్ని రకాలుగా కలపొచ్చు? చాలాకాలం కంపెనీ చెప్పిన అంకె పది కోట్ల చిల్లర. తరవాత సోరెన్ ఐలర్స్ అనే డేనిష్ గణితశాస్త్రజ్ఞుడు కంప్యూటరు చేత లెక్కపెట్టిస్తే 91,51,03,765 వచ్చింది. మొదటి లెక్కలో ఒకదాని మీద ఒకటిగా ఆరంతస్తుల ఎత్తు వచ్చే అమరికల్నే లెక్కవేశారట.

ఇన్ని అవకాశాలుండగా మనం చేసేదేమిటి? పెట్టె కొంటాం, పుస్తకం తెరుస్తాం, అందులో ఒకటో బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చెప్పినట్టు పెట్టి, అద్దాల బీరువాలో పెడతాం. ఇది తప్పని నేననను. పుస్తకం చూసి కట్టడంలో కూడా చాలా నేర్చుకోవచ్చు. కాని ఎవరో గీసిన దారి లేకుండా సొంతంగా కట్టేవాటికి అభిమానులు 'మాక్' అని పేరు పెట్టారు, 'మై ఓన్ క్రియేషన్'కి పొట్టిపేరు. నాకు ఆసక్తి కలిగించేది ఆ ప్రపంచం.

అభిమానులు కట్టినవి కంపెనీనే మార్చిన ఉదాహరణ మన దుబాయితోనే ముడిపడి ఉంది. షికాగోలో ఆడమ్ రీడ్ టక్కర్ అనే ఆర్కిటెక్టు సరదాగా లెగో ముక్కలతో ఆకాశహర్మ్యాలు కట్టేవాడు. అవి చూసి కంపెనీ 2008లో ఆర్కిటెక్చర్ అనే వరస మొదలుపెట్టింది. మొదట షికాగో భవనాలు, 2011లో మన బుర్జ్ ఖలీఫా. 208 ముక్కలే. అసలు బుర్జ్ 2010 జనవరిలో తెరిచారు కాబట్టి ఏడాది తిరిగేసరికి బొమ్మ వచ్చేసిందన్నమాట. 2016లో 333 ముక్కలతో ఇంకొకటి, 2020లో బుర్జ్ అల్ అరబ్, దుబాయ్ ఫ్రేమ్ అన్నీ కలిపి 740 ముక్కల పెట్టె వచ్చాయి. ఇంకా పెద్దది చూడాలంటే 2016 అక్టోబరు 31న తెరిచిన లెగోలాండుకి వెళ్ళాలి. అక్కడ మినీలాండులో బుర్జ్ 17 మీటర్ల ఎత్తుంటుంది. ఎండాకాలంలో కూడా హాయిగా చూడొచ్చు, అది ఏసీ గుమ్మటం కింద ఉంది.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి ఉండేది. మండువా ఇల్లు చూడని పిల్లల కోసం చెబుతున్నాను. ఇంటి మధ్యలో ఆకాశం కనపడే చోటు ఉంటుంది, నాలుగువైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, వానొస్తే నాలుగు చూరుల నుంచీ నీళ్ళు మధ్యలో పడి తూములోంచి బయటికి పోతాయి. చుట్టూ స్తంభాలు, వాటి వెనక గదులు. మా పెద్దవాళ్ళ వాటాలు తేలాక రెండేళ్ళ కిందట దాన్ని పడగొట్టారు. ఎవరినీ అనడానికి లేదు. కప్పు కారుతోంది, ఉండేవాళ్ళు లేరు, అందరికీ డబ్బు అవసరాలున్నాయి. మా నాన్నగారు సంతకం పెట్టి వచ్చారు. ఆ తరవాత ఆయన ఆ ఇంటి మాట ఎత్తడం మానేశారు. మేము ఎత్తినా వేరే మాటలోకి వెళ్ళిపోయేవారు. మా అమ్మాయి ఆ ఇంట్లో ఒకే ఒక్కసారి పడుకుంది, అప్పుడు దానికి పదకొండు నెలలు.

అది స్కూల్లో 'మా తాతయ్య ఇల్లు' అని ఏదో చెయ్యాల్సివచ్చి, లెగోతో కడతానంది. అప్పుడే తెలిసింది, లోపలి ఫొటో ఒక్కటి కూడా సరైంది లేదని. ఉన్నవన్నీ పెళ్ళి ఫొటోలు. వాటిలో మనుషులుంటారు, మామిడాకులుంటాయి, ఇల్లు మాత్రం ఉండదు.

మా దగ్గరున్న ముక్కల్లో మేము కొన్నవి సగం కూడా కాదు. ఈ ఊరి తీరు మీకు తెలుసుగా. కెనడాకో, హైదరాబాదుకో వెళ్ళిపోయేవాళ్ళు సామాను తేలిక చేసుకుంటూ లెగో డబ్బాలు పక్కవాళ్ళకిచ్చేస్తారు. మా పెట్టెలో అలా మూడు కుటుంబాల ముక్కలున్నాయి. ఏది ఎవరిదో మా అమ్మాయి ఇప్పటికీ చెప్పగలదు.

ముందు లెక్క చూసుకున్నాం. లెగో మనిషి బొమ్మ ఎత్తు 4 సెంటీమీటర్లు. మామూలు మనిషిని దాంతో పోలిస్తే 42వ వంతు. ఇంటి ముందుభాగం అరవై అడుగులని నాన్నగారు ముక్తసరిగా చెప్పారు. అంటే 18 మీటర్ల పైచిలుకు. దాన్ని 42తో భాగిస్తే సుమారు 43 సెంటీమీటర్లు. బొడిపెకి బొడిపెకి మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, కాబట్టి 54 బొడిపెలు. వైపుకి 32 బొడిపెలుండే అడుగు పలకలు నాలుగు కలిపితే 64 వస్తాయి, అరుగులకీ వాకిటికీ చోటు మిగిలింది. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఎనిమిదడుగుల స్తంభానికి సరిగ్గా ఆరు ఇటుకలు. మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు, ఒక్క పలక మన కొలతలో అయిదంగుళాల పైన, అది గడపకి సరిపోయింది. ఈ గుణకారాలూ భాగహారాలూ హోంవర్కులో ఇచ్చి ఉంటే మా అమ్మాయి కడుపునొప్పి అనేది.

కష్టమంతా కప్పు దగ్గర వచ్చింది. ఇంటి బయటి మూలల్లో రెండు వాలులు కలిసే ముక్క అందరి దగ్గరా ఉంటుంది. మండువాలో వాలు లోపలికి కాబట్టి, దాని నాలుగు మూలల్లోనూ లోమూల వాలు ముక్కలు కావాలి, అవీ ఇటుక రంగులో. పెట్టెల్లో అవి అరుదు. బ్రిక్‌లింక్ అనే అంగడి ఉంది, 2000 నుంచీ. ప్రపంచంలో ఎవరి దగ్గరున్న విడిముక్కలైనా అక్కడ కొనుక్కోవచ్చు. 2019లో దాన్ని లెగో కంపెనీయే కొనేసింది. వాళ్ళదే స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ముందు కంప్యూటరు మీద కట్టుకుని, ఏ ముక్కలు ఎన్ని కావాలో జాబితా తీసి, యూరపు నుంచి తెప్పించాం. ముక్కల ఖరీదు కన్నా పోస్టు ఖరీదు ఎక్కువైంది.

చవకగా దొరికే వేరే కంపెనీల ముక్కలు వాడొచ్చా అని అడుగుతారు. అసలు పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇటుక ఆకారం మీద ట్రేడ్‌మార్కు హక్కు కుదరదని 2005లో కెనడా సుప్రీంకోర్టు, 2010లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పాయి. అంచేత అతికే ఇటుకలు చెయ్యడం నేరం కాదు. పెట్టె బొమ్మతో సహా కాపీ కొట్టి అమ్మేవి మాత్రం వేరే సంగతి, వాటిని నేను ఇంట్లోకి రానివ్వను. ఇంకో మాట, ఇక్కడి ఎండకి తెల్ల ముక్కలు పసుపెక్కుతాయి. కిటికీ పక్కన పెట్టకండి. కడగాలంటే గోరువెచ్చని నీళ్ళు చాలు, డిష్‌వాషరులో వెయ్యకండి.

స్తంభాలు ఎన్ని? ఇక్కడ వచ్చింది పేచీ. అమ్మాయి ఫోనులో తాతయ్యని అడిగింది. ఆయన పన్నెండు అన్నారు. మా మేనత్తని అడిగితే పదహారంది. ఆవిడ సాక్ష్యం బలమైనదే. చిన్నప్పుడు అక్కడ నాలుగు స్తంభాలాట ఆడేవారట, మూలస్తంభం నుంచి మూలస్తంభానికి పరిగెడుతూ మధ్యలో మూడింటిని చేత్తో తాకాలని వాళ్ళ నియమమట. నాన్నగారు రెండే అన్నారు. రెండేళ్ళుగా ఆ ఇంటి పేరెత్తని మనిషి ఆ శనివారం గంటన్నర మాట్లాడారు. ఉయ్యాలబల్ల గొలుసు ఎక్కడ మొదలయ్యేదో, అటక మీద ఏ మూల ఊరగాయ జాడీలుండేవో, వానొస్తే ఏ చూరు కింద ముందు గంగాళం పెట్టేవారో చెప్పారు. అమ్మాయి రాసుకుంటూనే ఉంది.

చివరికి కలప కొన్న వ్యాపారి ఇచ్చిన చీటీ మా పెదనాన్నగారి దగ్గర దొరికింది. అందులో స్తంభాలు పద్నాలుగని ఉంది! పదహారిట్లో రెండు చెదలు తిన్నాయని అత్తయ్య. పన్నెండుకి పశువులపాకవి రెండు కలిశాయని నాన్నగారు. మా దగ్గర సరిపడే గుండ్రటి ముక్కలు 80 ఉన్నాయి, ఆరేసి చొప్పున పదమూడు స్తంభాలకి మించి రావు. అందువల్ల పన్నెండు గెలిచింది. అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పసుపు గడప మీద బొట్లు పెట్టడానికి ఎర్ర రంగు వాడదామన్నాను. మా అమ్మాయి పరమ నిష్ఠాపరురాలు. రంగు వెయ్యకూడదు, జిగురు పెట్టకూడదు, ముక్క కొయ్యకూడదు అనే పక్షం ఒకటుంది అభిమానుల్లో. అది ఆ పక్షం. పసుపు పలకల మధ్య గుండ్రటి ఎర్ర ముక్కలు దిగేసి బొట్లు తెచ్చింది. తులసికోట, రుబ్బురోలు కూడా దాని పనే.

ఇలాంటివి నచ్చితే లెగో ఐడియాస్ అనే ఏర్పాటుకి పంపొచ్చు. పదివేలమంది మద్దతిస్తే కంపెనీ పరిశీలిస్తుంది, ఎంపికైతే నికర అమ్మకాల్లో ఒక శాతం కట్టినవారికి. పదమూడేళ్ళు నిండాలి కాబట్టి మాకు ఇంకా టైముంది. పదివేలమంది తెలుగువాళ్ళు ఒకే మాట మీదకి వస్తారా అన్నది మా ఆవిడ సందేహం.

ఎనిమిది నెలలు ఆ ఇల్లు మా హాల్లో ఉంది. సంక్రాంతికి బొమ్మల కొలువులో పై మెట్టు మీద పెట్టాం. చూడ్డానికి వచ్చిన గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కడ తమ ఇల్లులా ఉందో, ఎక్కడ లేదో చెబుతూ గంటలు గంటలు నిలబడ్డారు. కిందటి నెలలో అమ్మాయి, "నాన్నా, ఇల్లు విప్పేస్తాను, ఆ ముక్కలు కావాలి, స్పేస్ స్టేషన్ కట్టాలి" అంది. ముక్కలు దానివి. స్టూడియోలో ఫైలు ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ కట్టుకోవచ్చు. అయినా నాకు మాట రాలేదు. మా ఆవిడ అయితే గట్టిగానే వద్దంది. ఇంకొకసారి ఆ ఇల్లు పడిపోవడం మామగారు చూడక్కర్లేదని ఆవిడ బాధ.

సరే, తాతయ్యనే అడుగుదామని ఫోను చేశాం. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, "విప్పెయ్యి బుజ్జమ్మా, దానిదేముంది. అయితే స్పేస్ స్టేషన్‌కి ముందు మన పశువులపాక కట్టు. రెండే స్తంభాలుండేవి దానికి. కట్టి, ఫొటో తీసి, ముందు మీ మామ్మకి పంపించు" అన్నారు.

పాక సగం అయింది. గడ్డిమేటుకి పసుపుపచ్చ గుండ్రటి ముక్కలు తక్కువపడ్డాయి. శ్రోతల్లో ఎవరైనా ఊళ్ళు మారుతూ లెగో డబ్బా వదిలించుకోదలిస్తే, షార్జాలో తీసుకోవడానికి ఒక పాప సిద్ధంగా ఉందని మనవి. సెలవు.