కువైట్ దుమ్ములో ఇంటి కార్పెట్: నీళ్ళు తగిలించే ముందు

ఎండలు ముదిరాయి, దుమ్ము మొదలైంది. ఈ వారం చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అక్కా, రోజూ వాక్యూమ్ పెడుతూనే ఉన్నాను, అయినా పిల్లాడు కార్పెట్ మీద దొర్లి లేస్తే వాడి నల్ల ప్యాంటు తెల్లగా అవుతోంది, ఎందుకని?" అని. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఈ దుమ్మేంటో చూద్దామండి. మన కడపలోనో కరీంనగర్‌లోనో వాకిట్లో లేచే మట్టి వేరు, దాని మీద నాలుగు చెంబులు నీళ్ళు చల్లితే అణిగిపోతుంది. ఇక్కడికి వచ్చేది వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలితో. ఇరాక్ మైదానాల మీదుగా వస్తూ మోసుకొచ్చిందంతా మన నెత్తిన పోస్తుంది. జూన్, జులైలో మరీ ఎక్కువ. పాతకాపులకు 2011 మార్చి 25 గుర్తుండే ఉంటుంది. పట్టపగలు గోడలా వచ్చి చీకటి చేసేసింది.

ఆ దుమ్ములో రెండు రకాలున్నాయి. ఒకటి గరుకు ఇసుక. అది బరువు కాబట్టి కార్పెట్ పోగుల మధ్య నుంచి జారి అడుక్కి పోయి కూర్చుంటుంది. రెండోది మైదాపిండి లాంటి సన్నది. తలుపు మూసినా కింద సందులోంచి, కిటికీ రబ్బరు పక్కనుంచి వచ్చేస్తుంది. గంటల తరబడి గాలిలో తేలి, తర్వాత మెల్లగా దిగుతుంది. కార్పెట్‌ను పాడుచేసేది ఆ మొదటిది. మనం నడిచినప్పుడల్లా అడుగున ఉన్న ఇసుక గరుకు కాగితంలాగా పోగుల్ని మొదట్లో కోస్తుంటుంది. గుమ్మం దగ్గర, సోఫా ముందు కార్పెట్ బోడిగా అయిపోయేది అందుకే. మనిషి ఊపిరికి చేటు చేసేది రెండోది.

ఇప్పుడు ఆ నల్ల ప్యాంటు సంగతి. వాక్యూమ్ పైపైన గబగబా లాగేస్తే పైన ఉన్నది మాత్రమే వస్తుంది, అడుగున ఉన్నది అడుగునే. ఒక పరీక్ష చేయండి. కార్పెట్ మూల ఒకటి మడిచి, కింద తెల్ల కాగితం పెట్టి, వెనక వైపు చేత్తో నాలుగు సార్లు తట్టండి. కాగితం మీద ఇసుక రాలిందంటే ఇంకా పని ఉన్నట్టే.

ఆ పని ఎలా చేయాలంటే, దుమ్ము గాలి ఆగాక వెంటనే మొదలుపెట్టకండి. కొన్ని గంటలు ఆగితే గాలిలో ఉన్నది కిందికి దిగుతుంది. పై నుంచి కిందికి రండి. ఏసీ జాలీ, బీరువా పైభాగం, కిటికీ గట్లు, ఇవన్నీ తడిగుడ్డతో తుడవండి. కార్పెట్ అందరికంటే ఆఖరు. చీపురు మాత్రం వద్దు, దిగిన దుమ్మును మళ్ళీ లేపడం తప్ప అది చేసేదేమీ లేదు. కార్పెట్ చిన్నదైతే బోర్లా తిరగేయండి. వెనక వైపు నుంచి వాక్యూమ్ నెమ్మదిగా లాగండి, ఆ అదురుకు ఇసుక కింద నేల మీద రాలుతుంది. చుట్ట చుట్టి పక్కన పెట్టి, నేల శుభ్రం చేసి, మళ్ళీ పరిచి, ఈసారి ముఖం వైపు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. నెమ్మదిగా అంటే నిజంగా నెమ్మదిగానండి, ఒక్కో వరసకు ఊపిరి తీసి వదిలేంత సేపు.

వాక్యూమ్ సంగతి కూడా చెప్పాలి. ముందు నుంచి పీల్చి వెనక నుంచి సన్నదుమ్ము ఊదే మిషన్లు బజారులో బోలెడు. హెపా ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. కడగదగ్గ ఫిల్టరైతే కడిగాక పూర్తిగా ఆరనివ్వండి, తడి ఫిల్టర్ పెడితే దుమ్ము బురదై పట్టేస్తుంది.

నీళ్ళ దగ్గరే చాలామంది తొందరపడతారు. అడుగున దుమ్ము ఉండగా షాంపూ పోస్తే ఏమవుతుంది? బురదవుతుంది. ఆరాక గట్టిపడుతుంది. షాంపూ జిగట మిగిలితే కొత్త దుమ్మును అదే పిలుచుకుంటుంది. కాబట్టి మరక ఉన్నచోటే, లీటరు నీళ్ళలో అర చెంచా లిక్విడ్ వేసి, తెల్ల గుడ్డతో అద్దండి. రుద్దకండి. తర్వాత ఉత్త నీళ్ళ గుడ్డతో అద్ది, పొడిగుడ్డ ఒత్తి, ఫ్యాను వేయండి. ఉన్ని కార్పెట్ మీద బ్లీచ్ పడకూడదు, అది ఉన్నిని తినేస్తుంది. వేడినీళ్ళూ వద్దు.

ఎప్పుడు తడపాలి అన్నది కూడా ముఖ్యమే. మే, జూన్‌లో గాలి ఎండిపోయి ఉంటుంది, ఇంట్లోనే తొందరగా ఆరిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరులో సముద్రం నుంచి రుతూబా మొదలైతే ఆరదు, ముక్క వాసన వస్తుంది. ఆ రెండు నెలలు పెద్ద ఉతుకులు పెట్టుకోకండి. ఎడారి కదా, దుమ్ము పురుగులు ఉండవులే అనుకుంటాం. గాలి పొడిగా ఉంటే నిజమే, అవి బతకలేవు. గాలిలోని తేమనే పీల్చుకుని బతికే జీవులవి. కానీ తేమ నెలల్లో మూసిన గదిలో, ఆరని కార్పెట్‌లో వాటికి పండగే.

ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు కూడా ఇది చూస్తున్నారు, మీకొక మాట. కువైట్ ఇళ్ళల్లో దీవానియా కార్పెట్లు ఎంత పెద్దవో, దులిపినప్పుడు ఎంత దుమ్ము లేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముక్కుకు చున్నీ కట్టుకుంటే సరిపోదు, ఆ సన్నదుమ్ము బట్టలోంచి దూరిపోతుంది. ఎన్95 మాస్కు అడగండి. "మామా, మాస్కు ఉంటే పని బాగా అవుతుంది" అని నవ్వుతూ అడిగితే చాలామంది తెప్పిస్తారు. తెప్పించకపోతే ఒక డబ్బా మీరే కొనుక్కోండి, ఊరికి పంపే డబ్బులో కొంచెం తగ్గినా పర్వాలేదు. ఇంకొకటి, మరక పోవట్లేదని బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ, వెనిగర్ గానీ, బాత్రూం యాసిడ్ గానీ కలపకండి. వచ్చే గ్యాసు విషం. తలుపులు మూసి ఏసీ వేసుకుని ఉండే ఇళ్ళల్లో ఇది ప్రాణం మీదికి వస్తుంది.

గోడ నుంచి గోడ వరకు అంటించే మోకెట్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ వాతావరణానికి అది సరిపడదు. తిరగేయలేం, దులపలేం, ఎండలో వేయలేం. ఏళ్ళ తరబడి పడ్డ దుమ్ము అందులోనే ఉంటుంది. అద్దె ఇల్లయితే హారిస్‌తో మాట్లాడండి, పీకేసి కింద టైల్స్ మీద ఉండటమే మేలు. పిల్లలకు ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం వాళ్ళు పడుకునే గదిలో కార్పెట్ ఏ రకమైనా వద్దండి. డాక్టరు ఇచ్చిన ఇన్హేలర్ ఇన్హేలరే, కార్పెట్ తీసేశాం కదా అని అది మానకండి.

మరి కాళ్ళకింద చల్లగా ఉంటుందే అంటారా? ఊరెళ్ళినప్పుడు వరంగల్ జంపఖానాలు రెండు తెచ్చుకోండి. నూలువి, పోగులు లేచి ఉండవు కాబట్టి ఇసుక దాక్కోదు. దులిపి, కొత్తల్లో రంగు దిగుతుందేమో ఒక మూల తడిపి చూసి, చల్లనీళ్ళలో ఉతుక్కోవచ్చు. మడిస్తే సూట్‌కేసులో పడుతుంది, బరువు మాత్రం చూసుకోండి, కార్గోలో వేస్తే ఎక్కువ తీసుకుంటారు.

బఖూర్ నిప్పు పడి కాలిన మచ్చల గురించి ఒకరు అడిగారు. నైలాన్ రకాలైతే పోగు కరిగిపోతుంది, దానికి మందు లేదు. ఉన్ని అయితే కాలిన కొసలు చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరిస్తే చాలావరకు కనపడదు. ఏసీ డక్టుల్లో పేరుకునే దుమ్ము గురించి వచ్చే వారం చెప్తాను. ఉంటానండి.