మాంజాకు చిక్కిన గద్ద

సంక్రాంతికి మా యాకుత్‌పురాలో ఆకాశం కనబడదు, పతంగులే కనబడతాయి. డాబాల మీద 'అఫా' అంటూ ఒకటే కేకలు! సరిగ్గా ఆ రోజుల్లోనే గద్దలు గూళ్లు కట్టి పిల్లల్ని సాకుతుంటాయి. తెగిన మాంజా చెట్లకు వేలాడుతూ వాటి రెక్కల్ని కోసేస్తుంది. తల్లి పడిపోతే గూట్లో పిల్లలకు తిండి పెట్టేదెవరు?

మొన్న పండుగ మర్నాడు పక్కింటి ఆపా గోడ మీదనుంచి "జల్దీ రా బెహన్, చీల్ పడింది" అని పిలిచారు. నీళ్ల ట్యాంకు పక్కన గద్ద, ఒక రెక్క ఈడుస్తూ నోరు తెరిచి రొప్పుతోంది. ఒక కుర్రాడు దారం పట్టి లాగబోతే ఆపా గదిమారు. లాగితే దారం ఇంకా లోతుగా దిగుతుంది. రెక్క ముందు అంచున పల్చని చర్మం ఉంటుందే, అది చిరిగిందంటే పక్షి మళ్లీ ఎగరడం కష్టం. అందుకని చుట్టుకున్న దారం జోలికి పోకుండా వేలాడే కొసను మాత్రం కత్తిరించాం. పాత దుప్పటి తల మీదుగా కప్పాం. చీకటైతే పక్షి నెమ్మదిస్తుంది. భయపడవలసింది ముక్కుకంటే గోళ్లకు! దుప్పటితోనే ఎత్తి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో పెట్టాం.

ఇక సలహాలు! ఒకరు నీళ్లు పోయమన్నారు, ఒకరు పాలన్నం, ఇంకొకరు పసుపు. ఏదీ చేయలేదు. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోగలవు. మాంసం తినే పక్షికి పాలన్నమేమిటండీ! ఆ కుర్రాడు "మనమే పెంచుకుందాం" అన్నాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు నాయనా అని చెప్పి, పెట్టెను అటవీశాఖవారికి అప్పగించాం. కుట్లు పడతాయి, వారాలు పడుతుంది అన్నారు.

కరెంటు తీగకు వేలాడే పక్షిని మాత్రం కర్రతో అందుకోబోకండి. 1912కు ఫోన్ చేసి కరెంటువాళ్లను పిలవాలి.

నైలాన్ మాంజాను మన రాష్ట్రంలో 2016లోనే నిషేధించారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా వద్దంది. అయినా దొంగచాటుగా దొరుకుతూనే ఉంది. నూలుదారం కొన్నాళ్లకు చివికిపోతుంది, ఇది చావదు. ఇప్పుడు మా గల్లీలో డాబాల మీద చిక్కిన దారాలు పిల్లలచేత ఏరిస్తున్నాం. ఉండకో చిక్కీ ముక్క. ఆపా వాటిని కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి చెత్తబండికి ఇస్తున్నారు.