గల్ఫ్ దేశాల తగవు, మన పల్లెల దిగులు

2017 జూన్ 5న సౌదీ అరేబియా, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఆ వార్తకు తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లు ఉలిక్కిపడ్డాయి. అన్న ఖతర్ రాజధాని దోహాలో, తమ్ముడు సౌదీలోని దమ్మాంలో ఉన్న కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు మరి.

ఈజిప్టు తప్ప తక్కినవన్నీ 1981లో ఏర్పడిన గల్ఫ్ సహకార మండలి సభ్యులే. యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమిలో ఖతర్ కూడా ఉండేది. ఇరాన్‌తో సఖ్యత, ముస్లిం బ్రదర్‌హుడ్ సంస్థకు అండ, ఖతర్ వార్తా ఛానెల్ అల్ జజీరా ప్రసారాలు వాళ్ల మధ్య చిచ్చు పెట్టాయి. కూటమి నుంచీ ఖతర్‌ను తొలగించారు. అల్ జజీరాను మూసెయ్యాలి, ఖతర్‌లోని టర్కీ సైనిక స్థావరాన్ని ఎత్తెయ్యాలి అంటూ 13 షరతులు పెట్టారు. ఖతర్ ఒప్పుకోలేదు.

ఖతర్‌కున్న ఒకే ఒక్క భూసరిహద్దు సౌదీతోనే. అది మూతపడగానే దోహా దుకాణాల్లో సౌదీ పాలు కనిపించలేదు. టర్కీ నుంచి విమానాల్లో వచ్చాయి. సౌదీ గడ్డి మైదానాల్లో మేస్తున్న ఖతర్ వాళ్ల ఒంటెలను, గొర్రెలను సరిహద్దు దాటించి తరిమేశారు. వాటిని కాసేందుకు ఖతర్ వీసాతో వెళ్లిన భారతీయ కాపరులు కొందరు ఎడారిలోనే చిక్కుకున్నారు. వారిలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. రాజులకు, మంత్రులకు రాయబారులుంటారు. ఆ కాపరి గోడు వినేదెవరు?

భారత ప్రభుత్వం ఏ పక్షమూ వహించలేదు. అది గల్ఫ్ మండలి అంతర్గత విషయమనీ, తమకు ముఖ్యం అక్కడి భారతీయులేననీ అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ చెప్పారు. కువైట్ మధ్యవర్తిత్వంతో 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. అందుకు మూడున్నరేళ్లు పట్టింది.

గల్ఫ్ వెళ్లే సోదరులారా, వీసా ఏ దేశానిది, పని ఏ దేశంలో అన్నది ఏజెంటును గట్టిగా అడగండి. రెండూ ఒకటేనని కాగితం మీద చూసుకున్నాకే విమానం ఎక్కండి.